అరవై నాలుగు చారల లుంగీ

“రాజ్‌మోహన్, గేటు పోయింది. చూసుకో.”

ఢిల్లీ నుంచి చీఫ్ అంతే చెప్పి ఫోన్ పెట్టేశాడు. రాజ్‌మోహన్ రెండంతస్తులు నాలుగంగల్లో దిగి గేటు దగ్గరికి పరిగెత్తాడు. వేలూరు శివార్లలోని ఆ యూనివర్సిటీ ఎర్గోనామిక్స్ అండ్ ప్రొడక్ట్ డిజైన్ పరిశోధన కేంద్రానికి ఉన్నది ఒక్కటే గేటు. అది ఉన్నచోటే ఉంది. దానికి ఆనుకుని వాచ్‌మన్ పెరియస్వామి టీ తాగుతున్నాడు. ఎందుకైనా మంచిదని, తాను చెప్పేదాకా గేటు వదిలి కదలొద్దని అతనికి గట్టిగా చెప్పి, ఆయాసపడుతూ పైకొచ్చేసరికి ఫోన్ మళ్ళీ మోగింది.

ఈసారి చీఫ్ విడమరిచి చెప్పాడు. పోయింది ఇనప గేటు కాదు. గెయిట్. అంటే నడక.

రాజ్‌మోహన్ గది తలుపు గడియ పెట్టాడు.

పైకి ఆ కేంద్రం కుర్చీలూ బల్లలూ మగ్గం పీటలూ డిజైన్ చేస్తుంది. బేస్‌మెంట్‌లో మాత్రం, విదేశాల్లో మారుపేర్లతో తిరిగే పదకొండుమంది మన ఏజెంట్లకు బూట్లు తయారవుతాయి. బూట్ల కోసం ఒక్కొక్కరి నడకా కొలిచి ఫైలు చేశారు. మనిషి ముఖం మార్చుకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు, నడత కూడా మార్చుకోవచ్చు. నడక మారదు. ఆ ఫైలు శత్రువుల ఎయిర్‌పోర్టు కెమెరాల్లోకి ఎక్కిందంటే పదకొండుమందికీ అదే ఆఖరి నడక.

ఏడో నంబరు కాంచన. రాజ్‌మోహన్ చెల్లెలు. చిన్నప్పుడు లత్తేరి స్టేషన్ మెట్ల మీద పడింది. అప్పటినుంచి ఎడమకాలు ఇసుమంత ఈడ్చి నడుస్తుంది. వీధి చివర ఉండగానే అన్న ఆమెను గుర్తుపట్టేవాడు. అన్న పట్టింది కెమెరా పట్టదా?

“ఫైలు కాపీ వాళ్ళకు చేరిపోయింది గాని, దానికి తాళం ఉంది. అరవై నాలుగు అంకెలు,” అన్నాడు చీఫ్. “ఆ తాళం ఇంకా వాళ్ళకు చేరలేదు. ఫోన్లూ మెయిళ్ళూ మన చేతుల్లోనే ఉన్నాయి. ఆ అంకెలు చూడగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు జీవిత.”

“రెండోవాళ్ళు?”

“నువ్వు. అందుకే ఇప్పుడే ఎవరినీ పట్టుకోకు. అంకెలు ఏ దారిన పోతున్నాయో కనుక్కో. రేపు సాయంత్రం లోపు.”

ఇరవై ఏళ్ళ గూఢచారి బతుకులో రాజ్‌మోహన్ ఇంతగా భయపడింది ఇంకొక్కసారే, ఈ డైరెక్టర్ వేషం కట్టిన మొదటిరోజు. వేషమే అయినా కేంద్రం నడపక తప్పదు కదా. కుర్చీలు చేసేచోట కుర్చీ ఎక్కినవాడికి కూర్చునే తీరిక ఉండదు. గ్రాంటు రిపోర్టులు, పీహెచ్‌డీ పిల్లల తగాదాలు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకు టిఫిన్లు. నడుం నొప్పుల మీద పరిశోధన చేయించే డైరెక్టరుకే నడుం నొప్పి. ఆ పూట బల్ల మీద ఇంకో తలనొప్పి కూడా ఉంది: గుడియాత్తం నేతగాడు మునిరాజ్ నాలుగోసారి రాయించిన తమిళ ఉత్తరం. మీరిచ్చిన మగ్గం పీట ఎడమకు ఒరిగితే దానంతటదే దిగిపోతోంది, రెండుసార్లు మగ్గం కింద కాళ్ళుంచే గుంటలో పడ్డాను, అని.

ఆ పీట డిజైన్ చేసింది జీవిత. డిపార్ట్‌మెంటే రాజ్‌మోహన్‌కు తోడుగా పంపిన ఏజెంటు. ఆమె నల్ల కళ్ళద్దాలతో లోపలికొస్తే చాలు, కేంద్రంలోని గూనివీపులన్నీ వాటంతటవే నిటారయ్యేవి. మూడేళ్ళ గ్రాంటు సాధించలేనిది ఆమె మూడు సెకన్లలో సాధించేది.

రాజ్‌మోహన్ ఆమెను ప్రాజెక్టు రివ్యూ అని పిలిచి ప్రెషర్ కుర్చీలో కూర్చోబెట్టాడు. కూర్చున్న మనిషి బరువు ఎటు పడితే అటు తెర మీద ఎరుపు తేలుతుంది. తెరను తన వైపు తిప్పుకుని, మాటల మధ్య ఊళ్ళ పేర్లు వదిలాడు. చెన్నై అన్నాడు. తెర పచ్చగానే ఉంది. కాట్పాడి, పచ్చ. పరదరామి, పచ్చ. గుడియాత్తం అనగానే ఆమె ముఖంలో నవ్వు చెదరలేదు గాని, తెర మీద ఎడమ తొడ కింద మందారమంత ఎరుపు పూసింది. భయపడితే ఆమె ఎడమకు ఒరుగుతుంది. ఆ ఊళ్ళో ఆమెకు పనున్నది మునిరాజ్ ఒక్కడితోనే. ఆ కుర్చీలో ఆ క్షణాన తానే కూర్చునుంటే తెరంతా నెత్తురులా ఉండేదని అతనికి తెలుసు.

మరునాడు పొద్దున లుంగీల వ్యాపారి వేషంలో టౌన్ బస్సెక్కాడు. పెట్టుడు మీసం నిలిచింది గాని లుంగీ నిలవలేదు. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో లుంగీ ముడి పట్టుకుని, లత్తేరి దాటేదాకా కళ్ళు మూసుకున్నాడు, తెరిస్తే స్టేషన్ మెట్లు కనబడతాయని. గుడియాత్తంలో షేర్ ఆటో దిగి, మగ్గాల చప్పుడు మధ్య మునిరాజ్ ఇల్లు వెతుక్కుని తలుపు తోశాడు.

జీవిత పిస్టల్ పట్టుకుని నిలబడి ఉంది.

“మీసం బాగుంది సార్. లుంగీ ముడే బాగాలేదు. లోపలికి రండి.”

మునిరాజ్ మగ్గం పక్కన గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. నేల మీద కొత్త లుంగీ పరిచి ఉంది. చూడగానే రాజ్‌మోహన్‌కు దారి అర్థమైంది. కేంద్రం నుంచి మునిరాజ్‌కు చారల డిజైన్ కాగితాలు రావడం మామూలే, వాటిని ఎవరూ అనుమానించరు. ఈసారి కాగితంలో అరవై నాలుగు చారలు. ఒక్కో చారలో ఎన్ని పోగులో అదే ఒక అంకె. నేశాక కాగితం కాల్చెయ్యమని జీవిత చెప్పింది, మునిరాజ్ కాల్చేశాడు; కేంద్రం బయట ఆ అంకెలు ఇంకెక్కడా రాసి లేవు. లుంగీ ఎగుమతి మూటలో కలిసి దేశం దాటాల్సింది. నిన్న కుర్చీలో గుడియాత్తం పేరు వినేసరికి జీవిత ఆగలేక, కొత్త ఫోన్‌తో తానే వచ్చేసింది. కుర్చీతో తాను చూపిన తెలివే చెల్లెలి మీదకు ముప్పు తెచ్చిందని రాజ్‌మోహన్‌కు అర్థమైంది.

ఆమె ఫోటో తీసింది. పంపింది.

రాజ్‌మోహన్ కళ్ళ ముందు ఏదో ఎయిర్‌పోర్టు, పొడుగాటి నడవా, అందులో ఎడమకాలు ఈడుస్తూ వస్తున్న కాంచన. చెమటకు మీసం ఊడి పెదవి మీదకు జారింది.

జవాబొచ్చింది. జీవిత దాన్ని పైకే చదివింది. తాళం తెరుచుకోలేదు, మోసం చేస్తున్నావా, పది నిమిషాలే టైము, అని ఉంది. ఆమె వంగి పోగులు లెక్కపెట్టింది. ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. ఎక్కడ చూసినా ఎనిమిదే.

“ఏం చేశావు దీన్ని?” అంది.

“తప్పు దిద్దినా తల్లీ,” అన్నాడు మునిరాజ్. “నీ కాయితంలో ఒక చార ఏడు, ఒకటి రెండు, ఒకటి తొమ్మిది. అట్ల నేస్తే కట్టం, అదే గడి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వస్తాది. ఎవురు కడతారు దాన్ని? పడుగులో ఎనిమిది ఉండాది, అందుకే పేకలో ఎనిమిదే కొట్టినా. నాలుగు తరాలుగా మా ఇంట్లో వంకర గళ్ళు నేసినోళ్ళు లేరు.”

రాజ్‌మోహన్‌కు ఊపిరి తిరిగొచ్చింది. ఒక్క క్షణమే.

“కాగితంలోవి గుర్తున్నాయా?” అంది జీవిత.

“యాల గుర్తుండవు? రెండు దినాలు దాంతోనే కొట్లాడినా గదా.”

పిస్టల్ భయం ఒకటి, అడిగిన సరుకు ఇవ్వలేదన్న దిగులు ఇంకొకటి. మునిరాజ్ నిజంగానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె మగ్గం పీట మీద కూర్చుని, పిస్టల్ రాజ్‌మోహన్ గుండెకు గురిపెట్టి, ఎడమచేత్తో టైపు చేయసాగింది. ఆపప్పా అని రాజ్‌మోహన్ అనబోతే పిస్టల్ జానెడు ముందుకొచ్చింది. ముప్పై దాటాయి. యాభై దాటాయి. ఒక్క అంకె కూడా తడబడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాలుగో ఉత్తరం. ఎడమకు ఒరిగితే దిగిపోతుంది.

రెండు రోజులుగా తాను మోస్తున్న భయాన్ని రాజ్‌మోహన్ ఆమె నెత్తికెత్తాడు.

“జీవితా, ఆ ఫైల్లో పన్నెండో నడక ఉంది. నీదే. నేనే చేర్చాను. మోసం చేశావనుకుంటున్నారు కదా, తెరవగానే ముందు వెతికేది నిన్నే.”

పచ్చి అబద్ధం. మునిరాజ్ అరవై మూడో అంకె చెప్పాడు. జీవిత నవ్వింది గాని, ఎడమకు ఒరిగింది.

పీట తన గుణం చూపించింది. ఆమె గుంటలోకి, ఫోన్ లుంగీ మీదకు, తూటా కప్పులోకి పోయాయి. పెంకు ముక్కలు రాలుతుండగా రాజ్‌మోహన్ ముందు పిస్టల్‌ను కాలితో తన్ని, తర్వాత ఫోన్ మీద పడ్డాడు. అరవై మూడు అంకెలు తెరపైనే ఉన్నాయి. పోలేదు.

“నాలుగు కాయితాలు రాయిస్తి సార్,” అన్నాడు మునిరాజ్, గుంటలోకి తొంగిచూస్తూ. “ఒక్కరూ చూడ్లా.”

సాయంత్రం, జీవితను పట్టుకెళ్ళాక, కేంద్రం గేటు దగ్గర అందరూ చేరారు. మునిరాజ్‌ను కూడా తీసుకొచ్చారు. చీఫ్ స్పీకర్ ఫోన్లో ఉన్నాడు. పోయింది గేటు కాదు గెయిట్ అనీ, దాన్ని కాపాడింది డిపార్ట్‌మెంటు కాదు, గళ్ళు సమంగా ఉండాలన్న ఒక నేతగాడి పట్టుదల అనీ రాజ్‌మోహన్ మొదటినుంచీ అందరికీ విడమరిచి చెప్పాడు. ఆ పీటలు ఢిల్లీకి పన్నెండు కావాలన్నాడు చీఫ్, లోపం అలాగే ఉంచి. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

“ఏడో నంబరు మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు దాటింది. ఎవరూ తల తిప్పలేదు.”

రాజ్‌మోహన్ గేటు దిమ్మె మీద కూలబడి, లుంగీ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

పెరియస్వామి మాత్రం నిన్నటినుంచీ పట్టుకున్న గేటు కమ్మీ ఇంకా వదల్లేదు. అంతా విని అడిగాడు.

“అట్లయితే సార్, పోయిన నడక దొరికినట్టే గదా. ఇంక నేను నడిచి ఇంటికి పోవచ్చునా?”