రాణిగారు ఎక్కడికి వెళ్లారు?

ఆ ఉదయం కూడా సునిల్దా ఎప్పటిలాగే ఐదున్నరకు లేచింది. టీలా కాచుకునే యెర్బా ఆకుపొడిలో చక్కెర కలిపి, పైన నిప్పుకణిక దొర్లించి, మాడు వాసన రాగానే నీళ్లు పోసి మరిగించింది. వడగట్టి పాలు కలిపేసరికి మనవరాలు అరసెలి దుప్పటి భుజాల మీద కప్పుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆరేళ్ల పిల్ల. ముందు పళ్లు రెండూ ఊడి, నవ్వితే కిటికీ తెరిచినట్టు ఉంటుంది.

"అమ్మమ్మా, అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది తల్లీ. నిన్న నువ్వు ఆడుకోవడానికి వెళ్లినప్పుడు." సునిల్దా ఏప్రన్ జేబులోంచి కాగితం తీసి చదివింది. "నా బంగారు కొండా, ఇక్కడ స్పెయిన్‌లో ఎండలు మండిపోతున్నాయి. నేను చూసుకునే ముసలమ్మగారు నిన్న ఎండలో గొడుగేసుకుని కోళ్లకు గింజలు వేసింది. నువ్వు అన్నం సరిగ్గా తింటున్నావా?"

అరసెలి తల ఊపింది. గుమ్మంలో నిలబడి చిపా రొట్టె తింటున్న డెర్లిస్ మిగిలిన ముక్క బల్ల మీద పెట్టేసి, బస్సుల షెడ్డుకు వేళైందంటూ వెళ్లిపోయాడు. కూతురికి ముద్దు పెట్టాడు కానీ అత్తగారి వైపు చూడలేదు.

ఆ ఉత్తరం రాయాల్సిన మనిషి మిర్నా చనిపోయి రెండేళ్ల నాలుగు నెలలైంది.

సునిల్దాకు ఒక్కగానొక్క కూతురు మిర్నా. స్పెయిన్‌లో ముసలివాళ్లను చూసుకునే పని కుదుర్చుకుని, పెట్టె సర్దుకుని, టికెట్టు కూడా కొనుక్కుంది. ప్రయాణం ఇంకా పదకొండు రోజులుందనగా డెంగీ జ్వరం వచ్చింది. నాలుగో రోజుకే అంతా అయిపోయింది. పిల్ల అప్పుడు కాసాపాలో మేనత్త దగ్గరుంది. తిరిగొచ్చాక "అమ్మేది?" అని అడిగితే, సునిల్దా నోటికి వచ్చిన మొదటి మాట "స్పెయిన్ వెళ్లింది" అని. పెట్టె సర్దడం పిల్ల కళ్లారా చూసింది కాబట్టి నమ్మింది. ఆ మాటను నిలబెట్టడానికి ఉత్తరాలు మొదలయ్యాయి. గోడ మీది ఫోటోలు బీరువాలోకి వెళ్లాయి. ఇరుగుపొరుగు పిల్ల ముందు గొంతు తగ్గించడం నేర్చుకున్నారు.

సునిల్దా ముప్పై ఒక్క ఏళ్లు పంతులమ్మగా చేసి రిటైరైంది. వాళ్ల ఊరు విల్లారికాలో ఆమె దగ్గర అక్షరాలు దిద్దని ఇల్లు తక్కువ; ఊరంతా గౌరవంగా 'న్యా సునిల్దా' అని పిలుస్తుంది. అందుకే ఊళ్లో పిల్లలకు ఏ సినిమా వేసినా ముందుగా చూసి, ఏ వయసువాళ్లకు తగునో చెప్పే నలుగురిలో ఆమెను కూడా పెట్టారు. ఆదివారం బాలల పండుగ. ఆ రోజు పాత థియేటర్లో ఉచితంగా వేయబోయే బొమ్మల సినిమా పేరు 'రాణిగారి ప్రయాణం'. ఆ మధ్యాహ్నం నలుగురూ దాన్ని చూశారు.

కథ చిన్నదే. రాణి చనిపోతుంది. రాజు కూతురికి నిజం చెప్పలేక, "మీ అమ్మ మంచుకొండల అవతలి దేశానికి వెళ్లింది, వసంతానికి వచ్చేస్తుంది" అంటాడు. వసంతం వచ్చినా తల్లి రాదు. పిల్ల ఒక ముళ్లపందిని తోడు తీసుకుని వెతకడానికి బయల్దేరుతుంది. దారిలో తోడేలు, మంత్రగత్తె. చివరికి కోట వెనక తోటలోనే తల్లి పేరు చెక్కిన రాయి కనిపిస్తుంది.

దీపాలు వెలిగాక మందుల షాపు ఫెర్మిన్ గొంతు సవరించుకున్నాడు. కమిటీకి పెద్ద ఆయనే. "తోడేలు ఒక్కటే కాస్త కరుకుగా ఉంది. అయినా మా మనవడు తోడేలు కనిపిస్తే చప్పట్లు కొట్టే రకం. అందరూ చూడొచ్చని రాద్దామా?"

"వద్దు," అంది సునిల్దా. "పదేళ్ల లోపు పిల్లలకు వద్దు."

"పదేళ్లా! ఎందుకు న్యా సునిల్దా?" బడుల్లో పిల్లల మనసు విప్పి మాట్లాడించే ఉద్యోగం చేసే రొస్సానా ఆశ్చర్యపోయింది. "ఎంత సున్నితంగా తీశారు! అమ్మ పోయిన పిల్లలకైతే ఇది..."

మాట మధ్యలో ఆగిపోయింది. నలుగురికీ తెలిసిన విషయమే. రేడియోలో పనిచేసే నాలుగో ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

"చావును అలా రాయి మీద చెక్కి చూపిస్తే పసివాళ్లు బెదిరిపోతారు," అంది సునిల్దా. తరగతిలో అల్లరి ఆపే గొంతు అది. రేడియో ఆయన ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. "టీచరుగారు చెప్పినట్టే" అన్నాడు. ఇద్దరటు, ఇద్దరిటు అయ్యారు.

ఫెర్మిన్ తల గోక్కున్నాడు. "రేపు నాలుగింటికి మళ్లీ వేయిద్దాం. ఎవరింటి పిల్లల్ని వాళ్లు తీసుకురండి. తెరను కాదు, వాళ్ల మొహాలు చూసి తేల్చుకుందాం."

సాయంత్రం డెర్లిస్ ఇంటికొచ్చేసరికే సంగతి అతనికి తెలిసిపోయింది. అరసెలి పక్కింట్లో ఆడుకుంటోంది. అతను చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పదేళ్లన్నారట, అత్తమ్మా."

"అన్నాను. నా బుద్ధికి తోచింది చెప్పాను."

"ఊళ్లో ఉన్న పిల్లలందరికీ పండుగ సినిమా లేకుండా చేస్తారా? మనింట్లో అబద్ధం బతకడానికా?"

"గొంతు తగ్గించు. పిల్ల వింటుంది."

"రెండేళ్ల నుంచి తగ్గిస్తూనే ఉన్నా! నా ఇంట్లో నేను దొంగలా గుసగుసలాడుతూనే ఉన్నా!"

సునిల్దా కూర తరగడం ఆపలేదు. "నీ తొందర నాకు తెలియదనుకోకు. ఆ నిదియాను తెచ్చి ఈ ఇంట్లో కూర్చోబెట్టాలి. అందుకు మిర్నా పోయిందని పిల్లకు చెప్పాలి. అంతేగా?"

నిదియా బడి యూనిఫారాలు కుట్టుకుని బతికే మనిషి. ఏడాదిగా డెర్లిస్, ఆమె ఒకరినొకరు ఇష్టపడుతున్నారు.

"అవును, అదీ ఉంది. కాదనను," అన్నాడతను. "మీ కూతురు బతికుండగా నేను మరో ఆడమనిషి వైపు చూశానా? మీరే చెప్పండి. ఇప్పుడు నిదియా ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోతున్నా. ఎందుకు? నా కూతురి లెక్కలో వాళ్లమ్మ స్పెయిన్‌లో కష్టపడుతోంది, నాన్న ఇక్కడ షికార్లు తిరుగుతున్నాడు!"

"ఆ రోజు నువ్వూ సరేనన్నావు."

"అన్నాను. తల గోడకేసి కొట్టుకుంటూ అన్నాను. వారం పది రోజుల మాట అనుకున్నాను. మీరు దాన్ని ఇంతదూరం లాగారు." అతని గొంతు హఠాత్తుగా తగ్గింది. "అత్తమ్మా, ఆ ఉత్తరాలు పిల్ల కోసం కాదు. రాసే ఆ అరగంట మీ కూతురు మీకు బతికే ఉంటుంది. నేను చూశాను మిమ్మల్ని. రాస్తూ నవ్వుకుంటారు."

కత్తి బల్ల మీద పడింది. చెంప మీద కొట్టినా సునిల్దాకు అంత తగిలేది కాదు.

"బాగా అన్నావు నాయనా," అంది చివరికి. "తల్లిని కదా, పడతాను. రేపు నేనే తీసుకెళ్తా దాన్ని. నువ్వూ రా. ఆ రాయి కనబడగానే పిల్ల ఎలా హడలిపోతుందో నీ కళ్లతో నువ్వే చూడు. ఆ తర్వాత నా ముందు ఈ మాటెత్తితే ఊరుకోను."

మర్నాడు నాలుగింటికి పాత థియేటర్లో పెద్దవాళ్లు, పిల్లలు కలిసి పదిమంది కూడా లేరు. ముందు వరసలో ఫెర్మిన్ మనవడు కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. వాడి వెనక సీట్లో అరసెలి, పక్కన సునిల్దా. డెర్లిస్ గోడ వారగా కూర్చున్నాడు. సునిల్దా మనవరాలి చెయ్యి పట్టుకుంది. భయపడగానే ఎత్తుకుని బయటికి తీసుకుపోవాలని అనుకుంది.

రాణి చనిపోయింది. రాజు కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మంచుకొండల అవతలి దేశం కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. బొమ్మ పిల్ల తల ఊపింది.

ఫెర్మిన్ మనవడు గట్టిగా అడిగాడు: "తాతా, రాణి చచ్చిపోయింది కదా? ఆ పిల్ల పిచ్చిదా, నమ్మేస్తోంది?"

"ష్!" అన్నాడు తాత.

అరసెలి ముందుకు వంగి వాడికి చెప్పింది. చిన్న గొంతే కానీ ఆ ఖాళీ హాల్లో అందరికీ వినబడింది.

"పిచ్చిది కాదు. దానికి తెలుసు. తెలుసని చెబితే రాజు ఏడుస్తాడు కదా, అందుకని ఊరుకుంది."

తెర మీద ఏవో రంగులు కదులుతున్నాయి. ఆ తర్వాత వచ్చిన తోడేలుగానీ మంత్రగత్తెగానీ సునిల్దాకు కనబడలేదు. తన చేతిలో ఉన్న చిన్న చెయ్యి వెచ్చగానే ఉంది. చల్లబడింది తన చెయ్యే. తోటలో రాయి కనిపించినప్పుడు బొమ్మ పిల్ల దాన్ని కౌగిలించుకుని ఏడ్చింది. అరసెలి ఏడవలేదు. రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది.

దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు. సునిల్దా మోకాళ్ల నొప్పి మరిచిపోయి సీట్ల మధ్య నేల మీద కూలబడింది.

"అరసెలీ... నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

పిల్ల తప్పు చేసి దొరికినట్టు తల దించుకుంది. "నేనెవరికీ చెప్పలేదు అమ్మమ్మా. ఒట్టు."

"కోప్పడను. చెప్పు."

"పక్కింటి బెలెన్ వాళ్లమ్మ కూడా స్పెయిన్‌లోనే ఉంది. రోజూ ఫోన్లో కనిపిస్తుంది. మా అమ్మ ఉన్న కొండ మీద సిగ్నల్ లేదని నువ్వు చెప్పావు కదా, అదే అంటే బెలెన్ నవ్వింది. మీ అమ్మ చచ్చిపోయింది అంది. వాళ్ల అమ్మమ్మ చూడ్డానికి కూడా వెళ్లిందట. నేను నమ్మలేదు. జుట్టు పట్టుకుని కొట్టాను." ఆగి, ముక్కు తుడుచుకుంది. "తర్వాత నాకు చదవడం వచ్చింది. ఉత్తరాల్లో అక్షరాలు అచ్చం నువ్వు నా పుస్తకం అట్ట మీద రాసిన పేరులా ఉన్నాయి."

"మరి ప్రతివారం ఉత్తరం వచ్చిందా అని అడుగుతావే!"

"ఒక నెల అడగలేదు. అప్పుడు నువ్వు వంటింట్లో ఏడ్చావు. మళ్లీ అడిగాను. నవ్వావు."

రొస్సానా మొహం పక్కకు తిప్పుకుంది. గోడ వారన డెర్లిస్ రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. తను గెలిచానన్న ఆనందం అతని మొహంలో వెతికినా లేదు. ఈ నాటకంలో తనకూ వేషం ఉందని అతనికీ తెలుసు.

ఫెర్మిన్ కమిటీ కాగితం తెచ్చి మెల్లగా అన్నాడు. "న్యా సునిల్దా, ఇవాళ కాకపోతే రేపు రాద్దాంలే."

"ఇవాళే రాయండి. అందరు పిల్లలూ చూడొచ్చు." ఆమె సంతకం వంకరపోయింది. "నాలాంటి ముసలిముండలనే తోడు లేకుండా లోపలికి పంపకండి."

శనివారం పొద్దున్నే ముగ్గురూ స్మశానానికి వెళ్లారు. సునిల్దా ప్రతి సోమవారం సంతకు వెళ్తున్నానని చెప్పి వచ్చే చోటే అది. మిర్నా సిలువకు కట్టిన తెల్లటి అల్లిక గుడ్డ ఆమె చేతి పనే. అరసెలి సమాధి ముందు నిలబడి, వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అమ్మ పేరు చదివింది. తేదీలు కూడా చదివింది.

"ఈ రోజున నేనెక్కడున్నాను నాన్నా?"

"కాసాపాలో. అత్త దగ్గర."

"ఏం చేస్తున్నాను?"

డెర్లిస్ కూతురి తల నిమిరాడు. "కోడిపిల్లలతో ఆడుకుంటున్నావట."

"ఇక్కడ అందరూ ఏడ్చారా?"

"ఏడ్చారమ్మా," అంది సునిల్దా.

"నువ్వు ఏడ్చావు. నాన్న ఏడ్చాడు. బెలెన్ వాళ్ల అమ్మమ్మ కూడా వచ్చి ఏడ్చిందట." పిల్ల ఇద్దరి వైపూ తిరిగింది. "మా అమ్మ కదా! నన్నొక్కదాన్నే ఏడవనివ్వలేదు!"

ఇన్నాళ్లూ ఆ చిన్న ఒంట్లో బిగబట్టిందంతా ఒక్కసారిగా బయటపడింది. సునిల్దా చేతులు చాపింది. అరసెలి ఆ చేతుల్ని తోసేసి తండ్రి నడుముకు చుట్టుకుని గుక్కపట్టింది. చాపిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక సునిల్దా పక్క సమాధి అరుగు మీద కూర్చుండిపోయింది. ఎంతోమంది పిల్లల్ని చూశాను, చదివాను అనుకుంది ఇన్నాళ్లూ. తన బల్ల దగ్గర కూర్చుని పాలు తాగే పిల్లనే చదవలేకపోయింది. పిల్ల ఎండిన కళ్లను ధైర్యమనుకుంది. పిల్ల అడిగే ప్రశ్నను నమ్మకమనుకుంది. అమ్మమ్మ ఏడుపు ఆపడానికి ఆరేళ్ల పసిది తన ఏడుపు మింగిందన్న సంగతి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది.

చాలాసేపటికి అరసెలి వెక్కుతూనే వచ్చి ఆ అరుగు మీదే కూర్చుంది. ఆనుకోకుండా, కాస్త ఎడంగా.

"అమ్మకు జ్వరం వచ్చినప్పుడు నన్ను అడిగిందా?"

సునిల్దా నాలుక చివరికి ఒక తియ్యటి మాట వచ్చింది. రెండేళ్ల అలవాటు. హాయిగా నిద్రపోయింది తల్లీ, ఏ బాధా లేదు అని చెప్పేస్తే సరిపోతుంది. డెర్లిస్ ఆమె వైపే చూస్తున్నాడు.

"అడిగింది," అంది. "రెండుసార్లు అడిగింది. పాపను తీసుకురా అంది. ఆస్పత్రిలో పిల్లెందుకు, తగ్గాక తెస్తాలే, రేపు తెస్తాలే అన్నాను."

"అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. కళ్లు మూసుకుంది."

అరసెలి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపును తప్పించుకోవాలని సునిల్దా ప్రయత్నించలేదు. ఇంత చిన్న పిల్ల ఇంత పెద్ద తప్పును క్షమించాలని కోరడం కూడా మరో తప్పే అనిపించింది.

పిల్ల అరుగు దిగి, గౌను దులుపుకుని, తండ్రి చెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"రా అమ్మమ్మా, ఎండెక్కుతోంది," అంది.

సునిల్దా లేచి వాళ్ల వెనకే నడిచింది. గేటు దగ్గర పూలమ్మేవాళ్లు, వీధిలో తనను టీచరని పిలిచేవాళ్లు అందరూ చూస్తున్నారు. ఆమె మొహం కప్పుకోలేదు, కళ్లు తుడుచుకోలేదు. కూతురు పోయిన రోజు నుంచి తలుపులు మూసుకుని ఏడ్చిన మనిషి, ఆ వీధి పొడవునా బావురుమని ఏడుస్తూ ఇంటికి వెళ్లింది.