కొనకముందే అమ్మిన షేర్లు

తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగి సమ్మయ్య రోడ్డు దాటబోతుండగా, నంబర్ ప్లేటు లేని బైక్ ఒకటి అతణ్ణి గుద్ది హబ్సిగూడ వైపు దూసుకుపోయింది. బ్రేక్ చప్పుడే వినిపించలేదు. సమ్మయ్య చేతిలోని ఫోన్‌లో అప్పటికే సగం మాట వెళ్లిపోయింది.

"పరశురాం అన్నా, ఆ ఎర్రర్ అసలుది కాదు. తేదీలు తిప్పుతున్నరు..."

ఆ మాట విన్న ఏజెంట్ పరశురాం ఇప్పుడు యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆగి ఉన్న తెల్ల కారులో కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గాని కాలు నిలవడం లేదు. ఆ ఎర్రర్ సంగతి కనుక్కోమని సమ్మయ్యను పంపింది తనే.

"బతుకుతాడన్నారు డాక్టర్లు. ముందు ఆ కాలు ఆపవయ్యా," అన్నాడు చీఫ్ రత్నకుమార్. వెంటనే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "ఆత్రేయ. చిప్ డిజైన్ ఇంజినీర్. మన సబ్‌మెరైన్ల సంకేతాలకు తాళం వేసే చిప్ ఆయన డిజైనే. ఇక్కడ గెస్ట్ లెక్చరర్ కూడా. కంపెనీ ఇచ్చిన షేర్లు కొన్ని అమ్ముకున్నాడు. ఆ అమ్మకం ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి. ఇవాళే ఆఖరు. ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ ఏమో ఎర్రర్ కొడుతోంది."

"కొడితే మనకేంది సార్?"

"కొట్టిస్తున్నది ఒక విదేశీ ముఠా. దొంగపేరుతో ఆ సాఫ్ట్‌వేర్ హెల్ప్‌డెస్క్ కాంట్రాక్ట్ సంపాదించారు. ఎర్రర్ వచ్చినవాడు సాయం అడుగుతాడు. వీళ్లు రిమోట్ యాక్సెస్ అడుగుతారు. ఇచ్చాడా, ల్యాప్‌టాప్ మొత్తం వాళ్లదే. సెమినార్ హాల్లో ఉచిత ట్యాక్స్ క్యాంప్ పెట్టింది అందుకే."

"ఇప్పుడే పట్టుకుందాం సార్."

"పట్టుకుంటే దొరికేది బంట్లే. ఆడించేవాడు తార్నాకలో ఏదో ఫ్లాట్‌లో ఉన్నాడు. లైన్ కలిస్తేనే వాడి చోటు తెలుస్తుంది. స్వరూప వ్యాన్‌లో రెడీగా ఉంది. చోటు దొరకగానే, ఆ చిప్ ఫైల్ పూర్తిగా పోకముందే నువ్వు లైన్ తెంపాలి." రత్నకుమార్ గొంతు తగ్గించాడు. "ఇంకోటి. ఆ హెల్ప్‌డెస్క్‌లో షారోన్ ఉంది. మనమే లోపలికి పంపాం. కొన్నాళ్లుగా కబురు లేదు. ఇప్పుడు ఎవరి మనిషో నాకే తెలీదు. కోడ్ అడుగు. జవాబు రాకపోతే నమ్మకు."

మెడలో ఐడీ ట్యాగు, వీపున బ్యాగు, కళ్లజోడు కాడలో మైక్, చెవిలో కనిపించని ఇయర్‌పీస్. పరశురాం సాఫ్ట్‌వేర్ ఉద్యోగిలా హాల్లో అడుగుపెట్టాడు. ల్యాప్‌టాప్‌ల ముందు జనం గోళ్లు కొరుక్కుంటున్నారు. ఆత్రేయ మూడో వరుసలో ఉన్నాడు. ఆయన కుర్చీ వెనక నీలం కోటు మనిషి ఒకడు, చెయ్యి జేబులోంచి తీయకుండా నిలబడ్డాడు. ఆ జేబు బరువుగా వేలాడుతోంది.

షారోన్ ఎదురొచ్చింది. ఎర్ర కుర్తా, పొట్టి జుట్టు, చెవికి హెడ్‌సెట్. ఆమె నడుస్తుంటే ట్యాక్స్ మరచిపోయి తలలు తిరుగుతున్నాయి.

"మేడం, తార్నాకల తార్ ఏడున్నది?" అన్నాడు పరశురాం.

'నాకా కాడ తెగింది' అని జవాబు రావాలి.

"అడ్రస్‌లు ఇక్కడ చెప్పరు సర్. కూర్చోండి," అని ఆమె వెళ్లిపోయింది.

కోడ్ కలవలేదు. పరశురాం ఆత్రేయ పక్క కుర్చీలో కూలబడి, ఏజెన్సీ తయారుచేసిన దొంగ రిటర్న్ తెరిచాడు. ఎర్ర అక్షరాలు వెలిగాయి: అమ్మిన తేదీ కొన్న తేదీకంటే ముందుంది.

తేదీలు తిప్పుతున్నరు! అతను బ్రోకర్ స్టేట్‌మెంట్ చూశాడు. అమెరికా పద్ధతి, నెల ముందు, రోజు తర్వాత. ఏప్రిల్ ఆరున చేతికొచ్చిన షేర్లను సాఫ్ట్‌వేర్ జూన్ నాలుగుగా చదివింది. ఆగస్టు రెండున అమ్మితే ఫిబ్రవరి ఎనిమిది అంటోంది. చేత్తో సరిచేశాడు. ఎర్రర్ పోయింది, ఇంకోటి వచ్చింది: కొన్న ధర సున్నా. కంపెనీ ఊరికే ఇచ్చిన షేర్లు గనక బ్రోకర్ సున్నా వేశాడు. కానీ అవి చేతికొచ్చిన రోజు ధరను అప్పుడే జీతంలో కలిపి పన్ను పట్టేశారు. ఆ ధర వేయగానే పచ్చ టిక్కు పడింది.

ఇంత సులువైనదానికి రిమోట్ యాక్సెస్ ఎందుకు?

"ఇది మా సీనియర్ చూడాలి సర్. పర్మిషన్ ఇవ్వండి," అంటోంది షారోన్ పక్కనే.

"పొద్దుగాల నుంచి ఇదే తిప్పలు. కానియ్యండి," అని ఆత్రేయ 'అలౌ' నొక్కేశాడు. స్టేట్‌మెంట్ ఆఫీస్ లాగిన్‌లోనే వస్తుంది గనక ఆయన తెచ్చింది కంపెనీ ల్యాప్‌టాప్. తెర మూలన, ఫైల్ ఎంత పోయిందో చూపే సన్నటి నీలిగీత పాకడం మొదలుపెట్టింది.

"లైన్ కలిసింది అన్నా," అంది చెవిలో స్వరూప. "టిఫిన్ సెంటర్ పైన... ఆగు, రెండు బిల్డింగులున్నయి."

నీలిగీత సగం దాటింది. పరశురాం నీలం కోటు జేబువైపు చూశాడు. ల్యాప్‌టాప్ మూత మూసేస్తే నీలం కోటువాడు కాలుస్తాడు. ముందు ఆత్రేయను, తర్వాత తనను.

షారోన్ హఠాత్తుగా ఆత్రేయ మీద విసుక్కుంది. "సర్, తేదీలు ముట్టుకోవద్దు! ఎర్రర్ పోయి రిటర్న్ సబ్మిట్ అయితే మీ ఫిర్యాదు టికెట్ క్లోజ్ అవుతుంది. మా లింక్ కట్ అయిపోతుంది!"

ఆత్రేయ అసలు కీబోర్డే ముట్టుకోలేదు. తెల్లబోయాడు. ఆమె కళ్లు మాత్రం పరశురాం మీద ఉన్నాయి. ఉచ్చా, సాయమా? హెడ్‌సెట్‌లో ఆ ఆడించేవాడు ప్రతి మాటా వింటుంటే కోడ్‌కు జవాబెలా ఇస్తుంది?

"దొరికిండు! తలుపు కాడున్నం. లైన్ కోయ్ అన్నా!" అంది చెవిలో స్వరూప.

పరశురాం షారోన్ మాట నమ్మేశాడు.

"ఏంది సార్, గింత దానికి పరేషాన్ అయితున్నరు? నాదీ ఇదే ఎర్రర్," అని నవ్వుతూ ల్యాప్‌టాప్ తనవైపు లాక్కున్నాడు. తేదీలు మార్చాడు. నీలం కోటువాడు అనుమానంగా వంగాడు గాని, వాడికి ట్యాక్స్ సంగతి ఏం తెలుసు? నీలిగీత చివరికొచ్చింది. కొన్న ధర సున్నా!

"సార్, షేర్లు చేతికొచ్చిన రోజు ధరెంత? జీతంల కలిపింది!"

"ఎందుకు?"

"చెప్పుండ్రి సార్!"

ఆత్రేయ ఉలిక్కిపడి అంకె చెప్పాడు. పరశురాం కొట్టాడు. సబ్మిట్.

పచ్చ టిక్కు. నీలిగీత చివరి గడిలో తెగి మాయమైంది.

చెవిలోని ఇయర్‌పీస్‌లో ఏం విన్నాడో, నీలం కోటువాడు పిస్టల్ తీశాడు. షారోన్ చేతిలోని స్టీల్ బాటిల్ వాడి మణికట్టు మీద పడింది. తూటా సీలింగ్‌లోకి పోయింది. హాలంతా బల్లల కిందికి దూరింది. పరశురాం వాణ్ణి నేలకు అదిమాడు.

"నాకా కాడ తెగింది," అంది షారోన్ రొప్పుతూ. హెడ్‌సెట్ తీసి విసిరేసింది. "ఇన్నాళ్లూ నిద్రలో కూడా నోరు కట్టుకుని ఉన్నానండీ."

పరశురాం ఆమెకు కుర్చీ లాగాడు. తార్నాక ఫ్లాట్‌లో ఆడించేవాడికి బేడీలు పడ్డాయని స్వరూప కబురు చేసింది.

రత్నకుమార్ వచ్చి ఆత్రేయకు జరిగిందంతా వివరించాడు. దేశానికి ఎంత ముప్పు తప్పిందో చెప్పాడు. ఆత్రేయ చెమట తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"అంతా అర్థమైంది సార్. ఇంతకీ నా రిఫండ్ ఎప్పుడొస్తది?"

"ఆ రహస్యం మాత్రం మాకు గూడ అందదు సార్," అన్నాడు పరశురాం.