ప్రార్థనకు ముందే మాయమైన లాప్‌టాప్

“రాత్రి ఉప్పు జాడీ మూత పెట్టింది ఎవరు?” వంటగదిలోంచి ఏసుమణి కేకేసింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే కాబట్టి ఆ ప్రశ్నకు అబిగయీలే జవాబు చెప్పుకోవాలి.

“నేనే పెద్దమ్మా. పెట్టినాను.”

“పెట్టలేదు. ఊరికే ఆనించినావు. వచ్చి చూడు.”

వెళ్లి చూస్తే నిన్న నింపిన రాళ్ల ఉప్పు నీరు కారి, జాడీ చుట్టూ గట్టు తడిసి ఉంది.

“ముసురు పట్టింది. అది కూడా నా తప్పేనా?”

“ముసురు దేవుడిది. మూత నీది.”

“గుప్పెడు ఉప్పుకు ఇంత పంచాయితీనా!” అని అబిగయీలు గొణుక్కుంటూ గట్టు తుడిచింది.

ఏసుమణి నెల్లూరులో ప్రైవేటు డిటెక్టివ్. పోలీసు స్టేషను మెట్లెక్కడానికి మొహమాటపడే వాళ్లు ఆమె మెట్లెక్కుతారు. ఆమె చెల్లెలి కూతురు అబిగయీలు డిగ్రీ అయ్యాక సాయంగా వచ్చి ఉండిపోయింది. వంటగదిలో ఎంత పోట్లాడినా, ఎదుటి మనిషిని పెద్దమ్మ ప్రశ్నలడిగే తీరు చూస్తుంటే ఆ పిల్లకు లోపల్లోపల గర్వంగా ఉంటుంది. పెద్దమ్మ గొంతు పెంచదు, తొందరపడదు. ఎదుటివాళ్లు చెప్పిన చిన్న మాటను కూడా జారిపోనివ్వదు.

గేటు చప్పుడైంది. తడిసిన చొక్కాతో ఒక యువకుడు వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని హెల్మెట్ కింద పెట్టాలన్న ఆలోచన కూడా లేనట్టుంది.

“నా పేరు పెంచల్, మేడమ్. మాల్యాద్రి గారి ఎలక్ట్రానిక్స్ షాపులో సేల్స్‌మన్‌ని. నన్ను దొంగ అన్నారు.”

“నువ్వు దొంగవా?”

“కాదు మేడమ్!”

“అయితే కూర్చో. మొదటి నుంచి చెప్పు.”

విడవలూరులో రొయ్యల గుంటలున్న జయకుమార్, కూతురి చదువు కోసం పోయిన వారం లాప్‌టాప్ కొన్నాడు. వాన పడుతుందని డబ్బాను పెంచలే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బండి మీద తీసుకుపోయి ఇంట్లో ఇచ్చివచ్చాడు. నిన్న ఆదివారం పాస్టరు గారు ప్రార్థన చేసి డబ్బా తెరిపించారు. లోపల లాప్‌టాప్ లేదు. గుడ్డ సంచిలో రాళ్ల ఉప్పు ఉంది.

“నిన్న సాయంత్రం జయకుమార్ గారు షాపుకొచ్చి, కస్టమర్లందరి ముందు నా కాలరు పట్టుకున్నాడు మేడమ్. ఈ రోజు తేలకపోతే నన్ను పోలీసులకు అప్పజెప్తానని మా సారు అన్నాడు. దొంగ అని పేరు పడినాక నన్ను ఇంక ఏ షాపులో నిలబడనిస్తారు?”

“వారం రోజులు డబ్బా తెరవకుండానే ఉంచినారా?” ఏసుమణి అడిగింది గానీ, ఆ మాటలో ఆశ్చర్యం లేదు.

“వాళ్ల ఇళ్లల్లో ప్రార్థన చేయించందే కొత్త వస్తువు తెరవరంట గదా మేడమ్.”

అంతే మరి. తమ ఇంట్లో కొత్త స్కూటరు కూడా ప్రార్థన పెట్టించే దాకా గోనెపట్ట కిందే ఉండింది. అబిగయీలుకు ఆ సంగతి గుర్తొచ్చేలోపే పెద్దమ్మ గొడుగు తీసుకుని బయల్దేరింది.

*

జయకుమార్ ఇల్లు ఊరి చివర, సముద్రం గాలి నేరుగా కొట్టే చోట ఉంది. పెంచల్‌ను చూడగానే ఆయన మొహం ఎర్రబడింది.

“వీణ్ణి నా గడప ఎందుకు తొక్కించినారమ్మా?”

“వందనాలు జయకుమార్. అతను దొంగైతే నేనే పట్టిస్తాను. ముందు డబ్బా చూపించండి.”

ఆయన భార్య లిల్లీ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత మీద కంపెనీ అంటించిన సీలు ప్రార్థన నాడు కోసిన గుర్తుతో ఉంది. ఏసుమణి డబ్బాను తిరగేసింది. అడుగు వైపు పారదర్శకమైన టేపు ఒకదాని మీద ఒకటి రెండు పొరలుగా, గీత తప్పకుండా అంటించి ఉంది.

“చూసినారా? దారిలో కింద నుంచి కోసి అంటించినాడు,” అన్నాడు జయకుమార్.

ఏసుమణి డబ్బా అడుగు అట్టను వేలితో తట్టింది. కరకరలాడుతూ గట్టిగా ఉంది. లోపల చెయ్యి పెట్టి ఛార్జరు బయటికి తీసింది.

“దీన్ని ఎందుకు వదిలేసినాడో?”

ఛార్జరును బల్ల మీద పెట్టి లిల్లీ వైపు తిరిగింది.

“డబ్బా ఎక్కడ పెట్టినారమ్మా లిల్లీ?”

“మా గదిలో బీరువా మీదక్కా, కిటికీ పక్కన. వచ్చే ఆదివారం ప్రార్థన అనుకున్నాం. నిన్న ఆరాధన అయినాక లాజరస్ పాస్టరు గారు, వచ్చేవారం సూళ్లూరుపేట ప్రార్థన కూటాలకు పోతున్నా, ఈ రోజే చేద్దామన్నారు.”

“దించినప్పుడు బరువు తేడా తెలిసిందా?”

“తెలవలేదక్కా. మొదట ఎట్టా ఉండిందో అట్టానే ఉండింది.”

ఉప్పు సంచి ఒక స్టీలు పళ్లెంలో ఉంది. గుడ్డ తడిసి ఉప్పుకు అతుక్కుపోయింది. పళ్లెంలో నీరు నిలిచింది.

గోడ పక్కన నిలబడిన కూతురు హెప్సిబా కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏసుమణి ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

“లాప్‌టాప్ పోయిందనేనా ఏడ్చినావు?”

“అంతకుముందే ఏడ్చింది,” అన్నాడు జయకుమార్. “శుక్రవారం వార్త వచ్చిందంట, దానికంటే మంచి మోడల్ ఈ బుధవారం వస్తుందని. అదే ధరకు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.”

“క్లాసులో అందరూ ఎగతాళి చేసినారు ఆంటీ,” అంది హెప్సిబా. “కొని వారం కాలేదు, అప్పుడే ముసలిదైపోయిందే అన్నారు. మామయ్యే ఏరి కొనిపించినాడు గదా, కంప్యూటర్లన్నీ తెలుసు గదా అని మామయ్యకు ఫోన్ చేసి గట్టిగా అరిచినాను.”

మామయ్య, అంటే లిల్లీ తమ్ముడు సుశీల్ కుమార్, కిటికీ దగ్గర కుర్చీలో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చాడు, ఇక్కడి నుంచే పని చేసుకుంటున్నాడు.

“పొరపాటు నాదే మేడమ్,” అన్నాడు తల దించుకుని. “కొత్తది వచ్చేదాకా ఆగమని చెప్పాల్సింది.”

“ప్రార్థన నాడు నువ్వు లేవా?”

“ఆరాధనకు పోలేదు. నిద్ర లేచేసరికి అందరూ డబ్బా చుట్టూ కూర్చుని ఉన్నారు.”

హెప్సిబా ఉన్నట్టుండి, “నేను వీడియో తీసినాను ఆంటీ,” అంది. “డబ్బా తెరిచేది ఫ్రెండ్స్‌కు పంపుదామని.”

ఏసుమణి ఫోను తీసుకుంది. పాస్టరు గారు ఆమెన్ అన్నారు, జయకుమార్ సీలు కోశాడు, గుడ్డ సంచి బయటికి వచ్చింది. ఇదేందని లిల్లీ ముడి విప్పి వంచగానే ఉప్పు నేల మీద జలజలా రాలింది. అందరూ ఒక్కసారి కేకలు పెట్టారు.

మళ్లీ పెట్టమంది. ఈసారి ఏసుమణి ఫోను వైపు చూడలేదు. కళ్లు మూసుకుని ఆ చప్పుడొక్కటే విన్నది. అబిగయీలు ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. పెద్దమ్మ కనుబొమలు అలా కొంచెం పైకి లేచాయంటే ఆమెకు విషయం దొరికినట్టే.

“మాల్యాద్రి గారికి ఫోన్ చెయ్యి పెంచల్,” అంది కళ్లు తెరిచి. “కారు తీసుకుని రమ్మను. ఆయన లేకుండా చెప్పే మాట కాదు.”

*

మాల్యాద్రి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. హాల్లో అందరూ కూర్చున్నారు. పెంచల్ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“ఈ పళ్లెం చూడండి,” అని ఏసుమణి మొదలుపెట్టింది. “నిన్న మధ్యాహ్నం రాలితే ఎత్తి మళ్లీ సంచిలో పోసిన ఉప్పు ఇది. ఒక్క రాత్రికే నీరయింది. అబీ, పొద్దున మన ఇంట్లో ఏం జరిగింది?”

“మూత సరిగ్గా పెట్టలేదని తిట్టినావు పెద్దమ్మా,” అని, ఆ మాట నోట్లో ఉండగానే అబిగయీలు ఆగిపోయింది. “ఉప్పంతా... అమ్మో!”

“అదీ సంగతి. వారం కిందట పెంచల్ దారిలో ఈ ఉప్పు పెట్టి ఉంటే, ఈ ముసురులో, ఆ కిటికీ పక్కన గుడ్డ నానిపోయేది, డబ్బా అడుగు మెత్తబడేది. కానీ అట్ట గట్టిగా ఉంది. వీడియోలో ఉప్పు జలజలా రాలింది. అంటే అది డబ్బాలో ఒక్క రాత్రికి మించి లేదు. శనివారం రాత్రి, ఈ ఇంట్లోనే పెట్టినారు.”

మాల్యాద్రి పెంచల్ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

“లిల్లీకి గానీ, హెప్సిబాకు గానీ ఈ గాలిలో ఉప్పు ఏమవుతుందో తెలుసు. వాళ్లు పెట్టరు. రోజూ గుంటల మీద తిరిగే జయకుమార్‌కూ తెలుసు. వంటగది మొహం చూడకుండా, ఫోనులో అన్నం తెప్పించుకుని తినేవాళ్లకే తెలియదు. పైగా లాప్‌టాప్ బరువెంతో కచ్చితంగా తెలిసిన మనిషి కాబట్టే, ఎత్తిన లిల్లీకి తేడా కనపడలేదు. దొంగైతే ఛార్జరు కూడా తీసుకుపోతాడు. అలాంటి ఛార్జరే తన దగ్గర ఉన్నవాడైతే వదిలేస్తాడు.”

అందరి చూపులూ కిటికీ పక్కన గోడకు గుచ్చిన ఛార్జరు మీదికి పోయాయి. డబ్బాలో దొరికినదీ అదీ ఒకే కంపెనీవి.

“మామయ్యా?” అంది హెప్సిబా.

సుశీల్ లేచి లోపలికి వెళ్లి, తన సంచిలోంచి గీత కూడా పడని లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“దీన్ని నేను వాడుకుని, బుధవారం కొత్తది నా డబ్బుతో కొని డబ్బాలో పెడదామనుకున్నా,” అన్నాడు. “వచ్చే ఆదివారం తెరిస్తే లోపల కొత్త మోడల్ ఉంటుంది. హెప్సిబా మొహం చూడాలనుకున్నా. నేను తప్పుగా ఏరినానని అది అరిచినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నిన్ననే తెరుస్తారని తెలవదు.”

“ఉప్పే ఎందుకురా?” లిల్లీ ఏడుపు గొంతుతో అడిగింది.

“ఇసుకైతే మరకవుతుంది. బియ్యమైతే పురుగు పడుతుంది. ఉప్పు శుభ్రంగా ఉంటుందనుకున్నా అక్కా.”

అంత బాధలోనూ లిల్లీకి నవ్వొచ్చింది. అబిగయీలు కూడా పెదవి కొరుక్కుంది. ఏసుమణి మాత్రం నవ్వలేదు.

“ప్రేమతో చేసినావు, ఒప్పుకుంటాను. కానీ నిన్న మీ బావ షాపుకు పోయి వచ్చి, అక్కడేం చేసినాడో చెప్పినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు.”

“ఉన్నాను. రెండు రోజులాగితే కొత్తది తెచ్చి ఏదో చెప్పి సర్దుదామనుకున్నా.”

“ఆ రెండు రోజులు ఈ అబ్బాయి ఎక్కడుండేవాడు? స్టేషన్లో.”

సుశీల్ గుమ్మం దాకా వెళ్లి పెంచల్ ఎదురుగా నిలబడ్డాడు. “క్షమించు అన్నా,” అన్నాడు. పెంచల్ చేతిలోని హెల్మెట్ కింద పెట్టాడు.

*

లిల్లీ ఎవరినీ కదలనివ్వలేదు. రొయ్యల ఇగురు, చారు వడ్డించి అందరినీ కూర్చోబెట్టింది. పెంచల్ మొహమాటపడుతుంటే జయకుమారే చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“నాకు ఇదే లాప్‌టాప్ చాలు మామయ్యా,” అంది హెప్సిబా. “కొత్తది కొంటే, దాన్ని మించింది మళ్లీ వస్తుంది. అప్పుడు నీ దగ్గర ఉప్పు సరిపోదు.”

మాల్యాద్రి గట్టిగా నవ్వి, “పెంచల్, రేపు ఎప్పటిమాదిరే వచ్చేయ్,” అన్నాడు.

“వస్తాను సార్,” అన్నాడు పెంచల్, పళ్లెం వైపు చూస్తూ. “కానీ నిన్న అక్కడున్నోళ్లు మళ్లీ వస్తారు గదా. వాళ్లకు నేను దొంగనే.”

జయకుమార్ కలిపిన ముద్దను పళ్లెంలోనే వదిలేశాడు.

“రేపు షాపు తెరిచే యాళకు నేనూ సుశీలూ అక్కడుంటాం,” అన్నాడు. “పోయింది నా ఇంట్లోనే, తీసింది నా ఇంటోడే అని చెప్తాను.”

“తెరిచే యాళకు షాపులో ఎవరుంటారు జయకుమార్?” అంది ఏసుమణి, చారు పోసుకుంటూ. “నిన్న మీరు కాలరు పట్టుకుంది సాయంత్రం, జనం మధ్యలో.”

అబిగయీలు తినడం మానేసి జయకుమార్ మొహమే చూసింది. ఊళ్లో నలుగురికి పెద్దమనిషి. నలుగురి ముందు తల వంచిన అలవాటు లేని మనిషి.

“సరే అక్కా,” అన్నాడు చివరికి. “సాయంత్రమే పోతాం. షాపు నిండా జనం ఉన్నప్పుడే.”