కింది పెదవి

బ్యాటరీల కొలిమి గోడ దాటి నల్లనీళ్ళు వీధుల్లోకొచ్చిన వరద ఉంది కదా... అది వచ్చిపోయాక రెండో ఏడు.

సాయంత్రం. వాన.

వ్యాన్ మలుపు తిరగడం లేదు. జారుతోంది!

"బాబాయ్... వెనకాలే ఉన్నారు."

డ్రైవరు పలకడు. అద్దంలో చూస్తాడు. రెండు బైకులు. వాటి వెనక నల్ల జీపు.

ఆయన మామూలుగానే పలకడు. ఒకసారి అడిగితే తలూపుతాడు. రెండోసారి అడిగితే 'ఊఁ' అంటాడు. మూడోసారి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. మొహం చూస్తే ఎప్పుడూ ఆముదం తాగినట్టే ఉంటుంది. అందుకే ఆయన పనిచేసే ల్యాబ్‌లో అందరూ ఆయన్ని ఆముదం అనే పిలుస్తారు. దానికీ పలకడు.

పక్క సీట్లో పళ్ళక్క. ఆ ల్యాబ్‌లోనే పనిచేసే చదువుకున్న పిల్ల. కొలిమి పక్క వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లలకి ఊడిన పాలపళ్ళు అడిగి తెచ్చేది. ఆ పేరు పిల్లలు పెట్టిందే.

ఆమె ఒళ్ళో చిన్న డబ్బా. రెండు చేతులా అదిమి పట్టుకుంది.

డబ్బాలో అయిదు పూసలు.

అవే ఆఖరివి. మిగతావన్నీ మధ్యాహ్నం బూడిదయ్యాయి.

పూసలంటే పూసలు కావు. పళ్ళు. ల్యాబ్‌లో పన్నుని గట్టి జిగురులో పోత పోస్తారు. రాయిలా గడ్డకట్టాక నిలువునా కోస్తారు. ఒక సగం పరీక్ష మెషిన్‌లోకి. రెండో సగం నంబరుతో సహా ఆ జిగురులోనే దాస్తారు. రేపెవడైనా 'మీ మాట అబద్ధం' అంటే తీసి చూపించడానికి. శనగగింజంత ఉంటుంది. గాజులా మెరుస్తుంది.

ఆ మెరుపు పెద్దసారు నేర్పిన పని. ఇప్పుడాయన ల్యాబ్ మొత్తానికి పెద్ద. ఒకప్పుడు స్వయంగా రంపం పట్టినవాడు. పాలిష్ చూడ్డానికి వేలు పనికిరాదంటాడు. కింది పెదవి మీద రాసి చూస్తాడు. ఏ మూల గరుకున్నా పెదవికి తెలిసిపోతుందట. పూస చేతిలో పెడితే చాలు, చెయ్యి దానంతటదే పెదవి దగ్గరికి పోతుంది. కళ్ళజోడు సర్దుకున్నంత అలవాటు.

ఈ మధ్యాహ్నం ఆ పెదవే కదిలింది.

"దాచిన సగాలన్నీ పొయ్యిలో పడెయ్యండి."

అందరూ తలలు వంచుకుని పడేశారు. పళ్ళక్క ఒక్కతే చివరి అరలోవి అయిదు గుప్పిట్లో పెట్టుకుని వ్యాన్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్, పోనీ."

ఆయన ఎక్కడికని అడగలేదు.

ఎందుకంటే ఆ అయిదింటిలో ఒకటి ఆయన మనవరాలిది.

ఎనిమిదేళ్ళ పిల్ల. కడుపునొప్పని ముడుచుకుని పడుకుంటుంది. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ గుర్తుండదు. టీచరు మొద్దు అంటుంది. మొద్దు కాదు. సీసం. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఆ కొలిమి పొగ.

రేపు ఉదయం కొలిమి మీద విచారణ.

కొలిమి వాళ్ళది ఒకటే పాట. పిల్లల ఒంట్లో సీసం ఉందా? ఉండొచ్చు. వరద తెచ్చింది. ఎక్కడెక్కడి మురికో కొట్టుకొచ్చింది. దానికి మేమేం చేస్తాం?

దానికి జవాబు పన్నులో ఉంది. మొదటిరోజే పళ్ళక్క వ్యాన్లో చెప్పింది.

"చెట్టు మొద్దులో వలయాలుంటాయి చూడు బాబాయ్, పంట్లోనూ అంతే. లోపలి పొర అమ్మ కడుపులో ఉండగానే కడుతుంది. పుట్టినరోజున ఒక గీత పడుతుంది. గీతకి లోపల సీసం ఉందంటే, బిడ్డ పుట్టకముందే తల్లి ఒంట్లోకి చేరిందన్నమాట."

"ఊఁ."

"వరద నిన్నగాక మొన్నటిది. ఈ పిల్లలు అంతకు ఎంతో ముందు పుట్టారు."

అప్పుడు ఆముదం బండి పక్కకి ఆపాడు. దిగి, రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కూతురు కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆ కొలిమి ప్రహరీ పక్కనే బట్టలు ఆరేసేది.

ఢాం!

వానలో వ్యాన్ వెనక టైరు పేలింది.

స్టీరింగ్ చేతిలోంచి ఊడిపోయినంత పనైంది. వ్యాన్ గిర్రున తిరిగి మురుగుకాలువ గట్టుకి గుద్దుకుంది. అద్దం పగిలింది. కాలువ కంపు గుప్పున లోపలికొచ్చింది.

"బాబాయ్, కాలువలో పారేద్దాం. రేపొచ్చి వెతుక్కుందాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ నల్లటి బురదలోంచి ఏనుగు పడ్డా పైకి రాదు.

డబ్బా లాక్కున్నాడు. మూత తీశాడు. అయిదూ అరచేతిలో ఒంపుకున్నాడు.

నోట్లో వేసుకున్నాడు!

ఎడమవైపు వెనక దవడపళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి. ఆ సందులోకి నాలుకతో తోశాడు. ఖాళీ డబ్బా కాలువలోకి విసిరాడు.

తలుపు తెరుచుకుంది.

"దిగరా ముసలోడా."

బూట్లవాడు. కొలిమి గేటు దగ్గర కాపలాకుండే మనిషి. చేతిలో పిస్తోలు. కాలర్ పట్టి వానలోకి ఈడ్చాడు. ముక్కు చీది, ఆ చెయ్యి ఆముదం చొక్కాకే తుడుచుకున్నాడు.

"డబ్బా ఏది?"

ఆముదం కాలువ వైపు చూశాడు. డబ్బా తేలుతోంది. ఒకడు కర్రతో లాగాడు. ఒంపాడు. నీళ్ళు.

"ఖాళీ అన్నా."

బ్యాగు బోర్లించారు. సీట్లు కోశారు. పళ్ళక్క జడ విప్పి మరీ చూశారు. ఆమె పళ్ళు బిగించి నిలబడింది. ఏడవలేదు.

అప్పుడు జీపు తలుపు తెరుచుకుంది. ముందు గొడుగు దిగింది. తర్వాత పెద్దసారు.

ముక్కుకి రుమాలు. సెంటు కొట్టిన రుమాలు. కాలువ కంపులో ఆ సెంటు కలిసింది. కంపు ఒక్కటే అయితే నయం.

"ఏమ్మా," అన్నాడు పెద్దసారు, తండ్రి మందలించినట్టు. "పిల్లల నోట్లోంచి ఊడిపడిన చెత్త కోసం బంగారంలాంటి భవిష్యత్తు పాడుచేసుకుంటావా?"

"అది చెత్తని మీరు పాఠం చెప్పినప్పుడు అనలేదు సార్."

"పాఠం వేరు. బతుకు వేరు."

"మీరు బతుకుతున్నదాన్ని బతుకనే అంటారా?"

పెద్దసారు నవ్వాడు. ఆముదం వైపు తిరిగాడు.

"ఏమయ్యా... మనవరాలికి ఎలా ఉంది?"

ఆముదం దవడ బిగిసింది. ఆ సందులో ఒక పూస కదిలింది. మనవరాలిదే అయ్యుండొచ్చు. ఉమ్మి నిండిపోతోంది. మింగలేడు. ఉమ్మలేడు.

"మాట్లాడవేంరా?" బూట్లవాడు పిస్తోలు గడ్డం కింద పెట్టాడు. "నోట్లో ఏముంది?"



"అయ్యో, వాడు మాట్లాడితే వింత," అన్నాడు పెద్దసారు. "నా దగ్గర పనిలో చేరిన నాటి నుంచీ వాడి గొంతు విన్నది తక్కువ."

"అయినా చూద్దాం సార్. ఏయ్, నోరు తెరు."

ఆముదానికి దగ్గొచ్చింది. నిజం దగ్గే. మొహం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు. పెదాలు మాత్రం విడలేదు.

పెద్దసారు విసుగ్గా జీపులోంచి సీసా తీశాడు.

"ముందు నీళ్ళు పట్టించవయ్యా. ఇక్కడే పోయేలా ఉన్నాడు. నా మీదికొస్తుంది."

ఆముదం సీసా అందుకున్నాడు. రెండు చేతులా. దణ్ణం పెట్టినట్టు.

ఎత్తాడు.

గుటక.

గుటక... గుటక.

ఒక్కొక్కటీ గొంతు దిగుతుంటే తెలుస్తోంది. పెద్దసారు పాలిష్ పుణ్యమా అని ఎక్కడా గీరుకోలేదు.

ఆఖరిది కాస్త ఆగింది. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గుక్క.

దిగింది.

సీసా తిరిగిచ్చాడు. నోరు బార్లా తెరిచాడు.

బూట్లవాడు టార్చి వేశాడు. ముక్కు చీదిన ఆ వేలే లోపల పెట్టి దవడలు రెండూ కెలికాడు. నాలుక ఎత్తించాడు.

"ఏం లేదు సార్. కంపు."

"నేను చెప్పలేదూ?" పెద్దసారు గొడుగు సర్దుకున్నాడు. "కాలువలోనే పోశారు. పీడా పోయింది. పదండి."

జీపు వెళ్ళిపోయింది. బైకులు వెళ్ళిపోయాయి.

వాన.

పళ్ళక్క ఆయన భుజం పట్టుకుంది. "బాబాయ్... ఎక్కడ?"

ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆమె నోరు తెరిచింది. మూసింది. ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి చేసింది.

"ఆ జిగురు కరగదు గదా?" అన్నాడు ఆముదం. ఆ రోజుకి అదే మొదటి మాట.

"యాసిడ్‌లో వేసినా కరగదు బాబాయ్. పన్ను లోపల భద్రంగా ఉంటుంది. పైన ఏమంటినా కడిగేసుకోవచ్చు."

"అయితే ఇంకేం. దారిలో మందుల కొట్టుంది."

"మందులెందుకు? దెబ్బ తగిలిందా?"

"ఆముదం కొనాలి."

మర్నాడు ఇంకా తెల్లవారకముందే ఆ ఇంట్లో అందరూ లేచే ఉన్నారు.

మరుగుదొడ్డి తలుపు వేసే ఉంది. బయట పళ్ళక్క, చేతికి గ్లవ్స్. పక్కన ఆయన కూతురు, నడుం మీద చెయ్యి.

"నాన్నా, టీ వడగట్టేది తీసుకెళ్ళావా?"

"ఊఁ."

"అది మళ్ళీ వంటింట్లోకొచ్చిందో, నేనే బయటికి పోతాను."

"బాబాయ్, నేను చూస్తాను. గ్లవ్స్ ఉన్నాయి."

"నువ్వు అటు తిరుగు," అంది తలుపు వెనక గొంతు. "నా కడుపు, నా మురికి."

మనవరాలు కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "తాతా, నా పన్ను వచ్చిందా?"

లోపల నీళ్ళ చప్పుడు. ఓ డోకు. మళ్ళీ నీళ్ళు.

"వచ్చిందమ్మా."

అయిదూ వచ్చాయి. సబ్బుతో కడిగారు. స్పిరిట్‌తో కడిగారు. మళ్ళీ సబ్బు. నిన్నటిలాగే మెరుస్తున్నాయి. కడుపులోంచి వచ్చిన మురికిని ఆముదం కడుక్కోగలిగాడు. చొక్కా మీద బూట్లవాడు తుడిచిన మరక మాత్రం రుద్దీ రుద్దీ వదిలేశాడు.

ఆ చొక్కాతోనే విచారణకి వెళ్ళాడు.

పొడుగాటి గది. ఎదురుగా విచారణాధికారిణి. ఒకవైపు కొలిమి వాళ్ళ వకీలు. సాక్షి బల్ల దగ్గర పెద్దసారు, ముందు నీళ్ళగ్లాసు. పెద్దసారు ప్రమాణం చేశాడు. గొంతులో తేనె.

"ఆ వీధుల పిల్లల పళ్ళు పాడైపోయి వచ్చాయి మేడమ్. మా ల్యాబ్‌లో ఒక్కటీ కొయ్యలేదు. ఇక దాచిన సగాలెక్కడివి?"

పళ్ళక్క లేచింది. తెల్లగుడ్డ విప్పి బల్ల మీద పరిచింది.

అయిదు పూసలు.

పెద్దసారు మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకున్నాడు.

"దొంగ సరుకు. ఎవరో బయట చేయించారు."

"చూడకుండానే ఎలా చెప్తారు?" అంది అధికారిణి. "చూసి చెప్పండి."

ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

చెయ్యి దానంతటదే లేచింది.

కింది పెదవి మీద పూస. ఈ చివర నుంచి ఆ చివరకి. మళ్ళీ వెనక్కి. కళ్ళు సగం మూతపడ్డాయి. ఏళ్ళనాటి పనివాడొకడు లోపల్నించి నిద్రలేచాడు.

"బయటి పని ఇంత నున్నగా ఎక్కడుంటుంది మేడమ్? ఈ నునుపు మా ల్యాబ్‌లో తప్ప..."

ఆగిపోయాడు.

వకీలు కళ్ళు మూసుకున్నాడు.

"మీ ల్యాబ్‌లో తప్ప?" అంది అధికారిణి. కలం రాస్తోంది.

పెద్దసారు పూసని చూశాడు. పళ్ళక్కని చూశాడు. గొంతులో తేనె లేదు.

"నిన్న ఒళ్ళంతా వెతికించానే... ఎక్కడ దాచావు?"

కలం అదీ రాసుకుంది.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. ఆముదం లేచాడు. బల్ల దాకా నడిచొచ్చాడు.

"నా కడుపులో సారూ. మీరిచ్చిన నీళ్ళతోనే మింగాను. పొద్దున వచ్చాయి."

పెద్దసారు చెయ్యి మెల్లగా కింది పెదవి మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

ఆముదం నీళ్ళగ్లాసు ఆయన ముందుకి జరిపాడు.

"తాగండి సారూ."