బాలింత కాయం

విజయనగరంలో జాతికుక్కల వ్యాపారం చేసే నగరేశ్వరరావు పొద్దున్నే డిటెక్టివ్ సీతారామారావు గుమ్మంలో ఊడిపడ్డాడు. ముఖాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"నా రాణి పోయిందండీ! షెడ్డుకి తాళం వేసింది వేసినట్టే ఉన్నాది, కుక్క లేదు. సాయంత్రం కలకత్తా బేరగాడొస్తాడు, దాన్ని కళ్ళారా సూసేకే తరవాతి ఈత పిల్లల్ని కొంటానని మాటిస్తాడు. సాయంత్రంలోగా దొరక్కపోతే పనివాడు దాలయ్యని పోలీసులకి అప్పజెప్పీడమే."

అసిస్టెంటు నరసింగరావుకి హుషారొచ్చింది. గురువుగారి బుర్ర పదునెక్కడం చూడ్డంకంటే వేడుక అతనికి మరొకటి లేదు.

షెడ్డులో అడుగుపెట్టగానే ఆ హుషారు చచ్చిపోయింది. వరసగా ఇనప బోనులు. వాటిలో కుక్కలు తలెత్తి నిలబడలేవు, పక్కకి తిరగలేవు. ఎదకొచ్చిన ప్రతిసారీ ఈత, కళ్ళు తెరిచీ తెరవకముందే పిల్లలు అమ్మకానికి. రాణి పిల్లలు మొన్ననే అమ్ముడుపోయాయి.

సీతారామారావు రాణి పళ్ళెం ఎత్తి, అంచుకి అంటుకున్న నల్లటి ముద్దని వాసన చూశాడు. శొంఠి, పిప్పళ్ళు, బెల్లం.

"మీ ఇంట్లో బాలింతలెవరైనా ఉన్నారా?"

"లేరండీ. అదేటి ప్రశ్న?" అన్నాడు నగరేశ్వరరావు.

"నీ ఇంట్లో, దాలయ్యా?"

"నానొంటిగాణ్ణి బాబూ. గంజి కాసుకోడం తప్ప నాకేటీ రాదు. తాళంసెవి నా మొల్లోనే ఉన్నాది, ఒట్టు."

"రెండో తాళంచెవి?"

"మా వంటింట్లో మేకుకుంటాది," అన్నాడు యజమాని.

అతని భార్య భాగ్యవతి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు పట్టుకున్న వేళ్ళ గోళ్ళలో నలుపుంది. నరసింగరావు చూశాడు గానీ పట్టించుకోలేదు.

సీతారామారావు అందర్నీ వసారాలోకి పిలిచాడు.

"దొంగయితే మాంసం ముక్క చూపించి కుక్కని తీసుకుపోతాడు. ఇక్కడ పెట్టింది కాయం, పురిటి మనిషికి ఒళ్ళు గట్టిపడ్డానికి పెట్టేది. బాలింతే లేని ఇంట్లో అది ఎవరికోసం నూరారు? కుక్కని బాలింత అనుకున్న మనిషి, వంటింటి చెవితో తాళం తీసి మళ్ళీ వేసింది. మీ గోళ్ళలో నలుపు ఇంకా పోలేదమ్మా."

భాగ్యవతి తల దించుకోలేదు.

"నానే తీసేను. నువ్వుల బస్తాలేసే గదిలో ఉంచేను. సాయంత్రం బండికి బొబ్బిలి మా అన్నయ్యింటికి పంపీద్దామనుకున్నాను. అన్నిసార్లు ఈనింది గదా, ఒక్కసారైనా పిల్లల పక్కన కడుపారా పడుకోనిచ్చేరా? దాన్నొగ్గీండి. దాలయ్య మీదికొస్తాదనుకోలేదు."

"కుక్కకి కాయమేటే, మతి పోయిందా?" నగరేశ్వరరావు నవ్వుకుంటూ నువ్వుల గదికేసి నడిచాడు.

"ఆయన్ని ఆపండి గురువుగారూ!"

"ఏమని ఆపను? కుక్క ఆయనది, బోను ఆయనది. దాలయ్యని తప్పించాను, కుక్కని పట్టిచ్చాను. నా తెలివి అంతవరకే." సీతారామారావు గొంతులో జీవం లేదు. ఇంత బాధపడుతూ కేసు తేల్చిన మనిషిని నరసింగరావు ఎన్నడూ చూడలేదు.

బస్తాల మధ్యనుంచి రాణి లేచింది. యజమాని ఈల వినగానే, తాడు కట్టే పని లేకుండా తనే పెరట్లోకి నడిచింది. షెడ్డులోకెళ్ళి, తల వంచుకుని తన బోనులో తనే దూరింది.

నగరేశ్వరరావు తాళం వేసి, రెండు చెవులూ తన మొలకే కట్టుకున్నాడు.