ఊదారంగు కీర్తన

1962 ఫిబ్రవరి. శుక్రవారం సాయంత్రం 5.35. మైపాడు చర్చిలో పాటలు నేర్పే జకరయ్య పంతులు తన ఇంట్లో హార్మోనియం పక్కన చచ్చిపడి ఉన్నాడు. మెడకు తన కండువాయే బిగించి ఉంది.

ఎస్.ఐ. పేరు సమాధానం. ఆ పేరు మీద డిపార్టుమెంటులో వేళాకోళాలు పడీపడీ ఆయనకు ప్రశ్నలడగడం అలవాటైపోయింది.

ఈ కేసులో అడగడానికేమీ లేదన్నారు అందరూ. పంతులు రోజూ అయిదుకు వాయించే కీర్తన ఆ రోజూ 5.20 దాకా వినబడింది. ఆ తర్వాత వీధి వాకిట్లోంచి లోపలికి వెళ్లినవాడు చేపలిచ్చే మునెయ్య ఒక్కడే. అరుస్తూ బయటికొచ్చినవాడూ వాడే. కోర్టుకెళితే ఉరి తప్పదు. వాడి తల్లి అంకాలమ్మ స్టేషన్ మెట్ల మీదే కూర్చుంది. మెతుకు ముట్టలేదు.

"నేను పట్టుకునేసరికే ఒళ్లు చల్లగా ఉన్నింది సార్," అన్నాడు మునెయ్య.

పావుగంట కిందటి దాకా వాయించినవాడు అంతలోనే చల్లబడతాడా అని స్టేషన్ రైటరు నవ్వాడు. సమాధానానికి నవ్వు రాలేదు.

ఆదివారం ఆయన పంతులు పక్కింటి తలుపు తట్టాడు. అక్కడ ఉండేది డ్రాయింగ్ టీచరు జయశీల. చిన్నప్పటి నుంచీ ఆమెకు శబ్దం వింటే రంగు కనబడుతుంది. హార్మోనియం మెట్టు మెట్టుకూ ఒక రంగు. రోజూ కిటికీ దగ్గర కూర్చుని పంతులు కీర్తనను బొమ్మ వేసేది. ఊళ్లో దాన్ని పిచ్చి అనేవారు.

గోడనిండా ఆ కీర్తనే. అన్నీ లేత పసుపు, ఆకుపచ్చ. ఒక్క కాగితం మాత్రం గోడవైపు తిప్పి ఉంది. ఆయన దాన్ని ఇటు తిప్పాడు. ముదురు ఊదా. అడుగున గడ్డకట్టిన నెత్తురులాంటి ఎరుపు.

"శుక్రవారందా?"

"అవును సార్. అదే కీర్తన, ఒక్క స్వరం తప్పలేదు. రంగులే మారిపోయినాయి. చావు నాకు ముందే కనబడిందేమోనని తిప్పి పెట్టినా."



"పంతులు ఏ శ్రుతిలో వాయించేవారు టీచరమ్మా?"

"అయిదు. ఎప్పుడూ అయిదో మెట్టు మీదే మొదలుపెట్టేవారు."

సమాధానం ఆ ఊదా కాగితం చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

సోమవారం సాయంత్రం అయిదు. పంతులు గదిలోకి మునెయ్యనూ, తల్లినీ, పంతులు శిష్యుడు క్రీస్తురాజునూ పిలిపించాడు. ఈ క్రీస్తురాజు వచ్చే నెల మద్రాసు రేడియోలో పాడబోతున్నాడు. శుక్రవారం అయిదున్నరకు చర్చిలో పదిమంది ముందున్నానని అప్పటికి నాలుగుసార్లు చెప్పాడు. గురువుగారి జ్ఞాపకంగా ఆ కీర్తన వాయించమని ఎస్.ఐ. మర్యాదగా అడిగాడు.

అతను ఎంత బాగా వాయించాడంటే అంకాలమ్మ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పాట ముగిసింది. కానిస్టేబుల్ పక్కింటి నుంచి తడి ఆరని కాగితం తెచ్చాడు. వాయించేదెవరో జయశీలకు చెప్పలేదు.

ముదురు ఊదా. అడుగున అదే ఎరుపు.

"ఏ మెట్టు మీద మొదలుపెట్టినా మన చెవికి పాట ఒకటే," అన్నాడు సమాధానం. "ఆమె కంటికి కాదు. మీ గురువుది అయిదో మెట్టు. నీ చేతికి రెండో మెట్టే అలవాటు. మైపాడులో హార్మోనియం వచ్చినవాళ్లు ఇద్దరే. శుక్రవారం అయిదుకు ఒకాయన చల్లబడి ఉన్నాడు. మరి శవం పక్కన కూర్చుని వాయించి, పెరటి దారిన జారుకున్నదెవరు?"



"రేడియోవాళ్లకు ఈ కీర్తన నాదేనని రాసిచ్చినా," అన్నాడు క్రీస్తురాజు. "కాదు, తనదని ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్తానన్నాడు పంతులు."

అంకాలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. ఇక వదలలేదు.

క్రీస్తురాజు కుడిచెయ్యి ఇంకా రెండో మెట్టు మీదే ఉంది. సంకెల అక్కడే పడింది. ఆ బరువుకు హార్మోనియం ఒక్కసారి మూలిగింది.

పక్కింట్లో జయశీల కిటికీ మూసేసింది.