వణుకుతున్న నాలుగు మేకలు

ఉదయం ఆరున్నరకి దొడ్డి తలుపు తీసేసరికి మేకపోతు లేదు.

గొళ్ళెం విరగలేదు. నెత్తుటి చుక్క లేదు. లోపల మేకలు మాత్రం గొంతు చించుకుని అరుస్తున్నాయి.

"ఒక్క మేక కోసం నన్ను పిలిపించారా?" ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు.

"ఒక్క మేకా?" ఫారం యజమానురాలు నడుం మీద చెయ్యేసుకుంది. "విత్తనపు పోతు సార్! చలి మొదలయ్యే ఈ రోజుల్లోనే మేకలు ఎదకొస్తాయి. ఇప్పుడు దాటించకపోతే వచ్చే ఏడు పిల్లల్లేవు, పాలు లేవు. ఫారం మూసుకోవడమే!"

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తీశాడు.

పక్కనే ఆమె తమ్ముడు టీ తాగుతున్నాడు. మరీ తాపీగా తాగుతున్నాడు.

"మీరేమంటారు?"

"పీడ వదిలిందంటాను. ఇదంతా అమ్మేసి టౌన్‌కొచ్చెయ్యమని ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నా."

"రాత్రి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. పడుకున్నా."

"పోతు అరవలేదా?"

"ఈ సీజన్లో అది అరవనిదెప్పుడు?"

ఇతగాడి మీద ఓ కన్నేసి ఉంచాలనుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంకెవరితోనైనా గొడవలున్నాయా అమ్మా?"

ఆమె నసిగింది. "పక్కింటి హారన్ అన్నయ్యతో మాటా మాటా వచ్చింది. పోతునిమ్మన్నాడు. ఇవ్వనన్నా."

హారన్ అంటే రిటైరైన బస్సు డ్రైవరు. గొంతు అలాంటిది మరి. రెండేళ్ళ కిందట ఈమె దగ్గరే నాలుగు ఆడ మేకపిల్లల్ని కొని, మేకల పెంపకంలోకి దిగాడు.

"రండి సార్! ఇల్లంతా వెతుక్కోండి!" వీధి చివరికి వినపడేలా ఆహ్వానించాడు హారన్.

కొట్టం నిండా ఘాటైన ఫినాయిల్ వాసన. నాలుగు మేకలూ గోడకానుకుని వణుకుతున్నాయి. మెడల మీద దుమ్ము. తోకల దగ్గర మాత్రం తడి.

"ఎంత శుభ్రం సార్! మా ఇల్లు కూడా ఇలా ఉండదు," అన్నాడు కానిస్టేబుల్.

"ఆ వెనక గదిలో ఏముంది?"

"పాత టైర్లు. తాళంచెవి మా ఆవిడ దగ్గరుంది. ఊరెళ్ళింది."

హారన్ ఈసారి మెల్లగా మాట్లాడాడు. ఇన్‌స్పెక్టర్‌కి అదే నచ్చలేదు.

తిరిగి ఫారంకి వచ్చాడు. ఓ మేక అతని కాళ్ళకి రాసుకుంటూ పోయింది. ప్యాంటు మీద ఎర్రటి మరక!

"రక్తం!" కానిస్టేబుల్ ఎగిరి గంతేశాడు.

"నీ మొహం," అంది యజమానురాలు. "ఎర్రమట్టిలో నూనె కలిపి పోతు రొమ్ముకి పూస్తాను. అది దాటిన మేకకి వెనకాల రంగంటుకుంటుంది. ఏది అయిందో, ఏది కాలేదో అలాగే తెలుస్తుంది."

మరక తుడుచుకుంటున్న ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆగిపోయింది.

పది నిమిషాల్లో తమ్ముడితో సహా అందరూ హారన్ పెరట్లో ఉన్నారు.

"ఇంత చలిలో మేకల్ని ఎందుకు కడిగారు?"

"మురికిగా ఉంటేనూ..."

"మురికైతే ఒళ్ళంతా కడగాలి. మీరు వెనక భాగమే కడిగారు. ఏం రంగు వదిలించారు? ఏ పోతు కంపు దాచడానికి ఫినాయిల్ పోశారు?"

హారన్ వెనక గది తలుపుకి అడ్డంగా జరిగాడు.

యజమానురాలు నోటితో 'ట్రుర్' మని పిలిచింది. వెనక గదిలోంచి పోతు గట్టిగా అరిచింది. పాత టైర్లు అరవవు కదా!

"ఒక్క రాత్రి కోసమే చెల్లెమ్మా," హారన్ తలొంచుకుని జేబులోంచి తాళంచెవి తీశాడు. "తెల్లారేలోగా తోలేద్దామనుకున్నా. మొండిది, కదిలితేగా! అడిగితే ఇవ్వనన్నావు. పొగరనుకున్నా."

"పొగరా? ఆ నాలుగింటినీ ఎవరి దగ్గర కొన్నావు?"

"నీ దగ్గరే."

"నా దగ్గర పోతులెన్ని?"

"ఒకటే కదా..."

హారన్ గబుక్కున ఆ నాలుగింటి వైపూ తిరిగి చూశాడు.

"కూతుళ్ళ మీదికి తండ్రిని తోలావన్నయ్యా! బలం లేని పిల్లలు పుడితే ఏం చేస్తావు? అందుకే ఇవ్వనన్నా!"

"ముందే చెప్పొచ్చుగా?"

"ఎందుకివ్వవని అడిగావా?"

"నువ్వు చెప్పనిచ్చావా? మొహం మీదే గేటేశావు!"

గేటేసిన మాట నిజమే.

"కేసు రాయమంటారా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె బయటికొచ్చిన పోతు మెడ చుట్టూ చెయ్యేసి, వణుకుతున్న నాలుగింటినీ చూసింది. తన కొట్టంలో పుట్టినవే.

"కేసు సంగతి తర్వాత సార్. ముందెవరైనా గోనెపట్టాలు తెండి. వీటిని పొడిగా తుడవాలి."

అందరికంటే ముందు ఆమె తమ్ముడే పరుగెత్తాడు.